బంగళా పేరు

ప్రసూన మేడమ్ పాఠం ముగించగానే క్లాసంతా చప్పట్లు కొట్టింది. అందరితో పాటు జ్యోతిర్మయి కూడా కొట్టింది. కొట్టాక గానీ ఆ పిల్లకి ఒళ్ళు మండలేదు. మండిందంటే అలా ఇలా కాదు. బిలాస్‌పూర్‌లోని సర్కండాలో షేర్ ఆటో ఎక్కి, అర్పా నది వంతెన దాటి, రైల్వే కాలనీలో దిగేదాకా నోరు విప్పలేదు. పక్కన కూర్చున్న రజిని, మస్తూరీ బస్సు పట్టుకోవాల్సిన క్లాస్‌మేట్, "క్యా హువా యార్?" అని అడిగి అడిగి విసిగిపోయి బస్టాండు దగ్గర దిగిపోయింది.

పాఠంలో ఏముందో చెబితే గానీ ఈ మంట అర్థం కాదు. ఎం.ఏ. ఇంగ్లీషు ఆఖరి సంవత్సరంలో, ఆంగ్ల సాహిత్య చరిత్రని సామాజిక నేపథ్యంలో చదివే పేపరొకటి ఉంది. ఇదివరకటి లెక్చరర్లు దాన్ని రాజులూ రాణులూ తారీఖులూగా మార్చి, గైడు చూసి డిక్టేషన్ ఇచ్చి చేతులు దులుపుకునేవారు. ప్రసూన మేడమ్ అలాంటి మనిషి కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆవిడ; భర్త తిరుమలరావు గారు రైల్వేలో పెద్ద ఆఫీసరు. చదువంటే ప్రాణం పెడుతుంది. "నవల తెరవగానే హీరోయిన్ కళ్ళు చూడకండి, ఆ ఇంట్లో పొయ్యిలోకి బొగ్గు ఎవరు మోశారో చూడండి. టీలో పంచదార ఏ దీవి నుంచి వచ్చింది, దాన్ని పండించినవాళ్ళ వీపు మీద ఏముంది, అది అడగండి," అనేది. బొగ్గు రైళ్ళ చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లలకి ఆ మాటలు సూటిగా తగిలేవి. నిజం చెప్పాలంటే జ్యోతిర్మయికి ఇంగ్లీషు చదువు మీద ఆశ పుట్టించింది ఆవిడే.

ఆ రోజు నౌకర్ల గురించి చెప్పింది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పెద్ద ఇళ్ళలో పనికి కుదిరినవాడికి సొంత పేరు నిలిచేది కాదట. ముందున్నవాడు జేమ్స్ అయితే కొత్తగా వచ్చినవాడూ జేమ్సే. వాడు పోయి ఇంకొకడు వచ్చినా జేమ్సే. యజమానురాలికి మరో పేరు గుర్తుపెట్టుకునే శ్రమ ఎందుకు? "నవలల నిండా టీ తెచ్చే చేతులుంటాయి, ఆ చేతులకి పేర్లుండవు. మనిషి దగ్గర పేరు లాగేసుకోవడం కంటే పెద్ద దొంగతనం ఏముందమ్మా?" అంటూ మేడమ్ గొంతు జీరబోయింది. రజిని చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడే ఆ చప్పట్లు.

జ్యోతిర్మయి తండ్రి అమ్మన్న ఆ ప్రసూన మేడమ్ బంగళాలోనే ప్యూను. ఆ బంగళాలో అతన్ని రాము అంటారు. అతనికి ముందు పనిచేసి వెళ్ళినవాడు కూడా రామే.

గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. తెలియకపోతే పోనీ, ఆ గింజ బల్ల ఎక్కి నలుపు గురించి పాఠం చెప్పి చప్పట్లు కొట్టించుకుంటే ఏం చెయ్యాలి? జ్యోతిర్మయి క్వార్టర్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి మామ్మ అప్పయమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. తల్లి చిన్నప్పుడే పోతే ఆ పిల్లని పెంచింది ఈ మామ్మే.

"ఏటే గుంటా, రాగానే కస్సుమంటన్నావు? ఎవులేటన్నారు?"

"నాన్న రానీ, చెప్తాను."

అమ్మన్న సైకిలు గోడకి చేరేశాడో లేదో మీద పడిపోయింది. "నాన్నా, ఆ బంగళాలో నీ పేరేటి?"

"ఇదేటి ప్రశ్నే? రాము."

"మరి నీ పేరేటి?"

అమ్మన్న తల్లి వైపు చూశాడు. "దీనికేటైందే అమ్మా?"

"ఏటీ అవలేదు! ఆవిడ రామూ అంటే కుక్కపిల్లలా పరిగెడతావు. నా పేరు అమ్మన్న అండీ అని ఒక్కసారంటే ఒక్కసారి చెప్పలేకపోయావా? నోట్లో నాలుక లేదా? సిగ్గేయదా నీకు?"

అమ్మన్న మొహం ముడుచుకుపోయింది. కూతురు అంత మాట అంటే మరో తండ్రయితే చెయ్యి లేపేవాడు. అతను సబ్బు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచాడు. "ఆ వూసు నీకొద్దు. సదువుకోడానికి ఎల్లినావు, సదువుకో," అన్నాడు వెళ్తూ వెళ్తూ.

భయం అనుకుంది జ్యోతిర్మయి. బంగళా భయం ఒంటికి పట్టేసింది, పాతికేళ్ళ సలాముల్లో వెన్నెముక అరిగిపోయింది అనుకుంది. తండ్రి మీద జాలి పడటం కూడా చేతకాలేదు, అంత కోపం. ఆయన అడగలేకపోతే తను అడుగుతుంది. ఆ బంగళాలో తన తండ్రిని తన తండ్రి పేరుతో పిలిచే రోజు రావాలి. రాకపోతే ఈ ఎం.ఏ. గోడకి తగిలించుకోవడానికి కూడా పనికిరాదని ఆ సాయంత్రమే తేల్చేసుకుంది.

ప్రాజెక్టు ఎలాగూ రాయాలి. నౌకర్ల పేర్ల మీదే రాసింది. మొదటి అధ్యాయాలన్నీ ఇంగ్లండు: నవలల్లో వంటగది మెట్లు, పనికి కుదిర్చే సంతలు, జేమ్సులు. ఆఖరి అధ్యాయంలో ఓడ దిగి, బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి వచ్చేసింది. ఒక బంగళా, ఒక మేడమ్, ఒక రాము. ఆ రాము అసలు పేరు అమ్మన్న. ఆ పేరు ఎలా వచ్చిందో కూడా రాసింది. అప్పయమ్మకి ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదు. పలాస అవతల వాళ్ళ ఊరి అమ్మవారి గద్దె ముందు తడిబట్టలతో పడుకుని, ఈసారి బతికిస్తే నీ పేరే పెట్టుకుంటానని ఏడ్చి మొక్కుకుంది. బిడ్డ బతికాడు. అందుకని అమ్మన్న. ఈ సంగతి చిన్నప్పుడు మామ్మే దగ్గర పడుకోబెట్టుకుని చెప్పింది. జ్యోతిర్మయి మంచి ఇంగ్లీషులో, చదివితే కంట నీరొచ్చేలా రాసింది. రాస్తున్నంతసేపూ మేడమ్ మొహమే కళ్ళముందు పెట్టుకుంది. ఇప్పుడు చదువు తల్లీ, ఇప్పుడు చెప్పు దొంగతనం గురించి!

ప్రాజెక్టు మేడమ్ బల్ల మీద పెట్టి, "ఆఖరి అధ్యాయం తప్పక చూడండి మేడమ్," అని బయటికి వచ్చేసింది. ఫెయిల్ చేస్తే చెయ్యనీ, పుట్టి మునిగిపోయేదేముంది? రాజ్‌కిశోర్ నగర్‌లో కోచింగ్ సెంటర్లకి కొదవ లేదు, గ్రామర్ చెప్పుకుని బతుకుతుంది. యుద్ధానికి అంత సిద్ధపడి వెళ్తే, మర్నాడు మేడమ్ తలుపు వేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏడ్చింది.

"చెంప పగలగొట్టావు జ్యోతీ. నా కళ్ళు నువ్వు తెరిచావు. ఇన్నేళ్ళు పాఠం చెప్పి, నా ఇంట్లో నేనే... ఛీ!" అంది. "ఒక్క అక్షరం మార్చకు. సెమినార్‌లో ఇదే చదవాలి నువ్వు. నేను చెయ్యాల్సింది నేను చేస్తాను."

తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ జ్యోతిర్మయికి ఇక అక్కర్లేకపోయాయి. మంచి మనిషే పాపం, తెలియక చేసింది అనుకుంది. గెలిచానని కూడా అనుకుంది.

సెమినార్ రోజు హాలు నిండిపోయింది. పక్క కాలేజీల వాళ్ళు, బంగళాల ఆడవాళ్ళు, ఒక హిందీ పేపరు విలేఖరి. సమోసాలూ టీలూ అందించడానికి మేడమ్ తన బంగళా నుంచి అమ్మన్నని వెంట తెచ్చింది. జ్యోతిర్మయి చదవడం అయ్యాక మేడమ్ మైకు తీసుకుంది. "ఈ పిల్ల రాసిన రాము ఎవరో కాదు, ఈమె తండ్రే, మా ఇంట్లో పనిచేసే మనిషే. తప్పు నాది. ఈ రోజు మీ అందరి ముందూ ఆయన పేరు ఆయనకి తిరిగి ఇస్తున్నాను. అమ్మన్న గారూ, ఇలా రండి!"

హాలంతా లేచి నిలబడింది. ఫోన్లు పైకి లేచాయి. వెనక తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డ అమ్మన్నని ఎవరో ముందుకి తోశారు. మేడమ్ ఆయన మెడలో దండ వేసి, అమ్మవారి మొక్కు దగ్గర్నుంచి తడిబట్టల దాకా మొత్తం ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పింది. ట్రే చేతిలోంచి దించే వీలు ఎవరూ ఇవ్వలేదు. అమ్మన్న తల వంచుకుని టీ కప్పుల్లోకి చూస్తూ ఉండిపోయాడు. ఆనందం పట్టలేక నాన్న తల ఎత్తలేకపోతున్నాడనుకుని జ్యోతిర్మయి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ రాత్రి అమ్మన్న అన్నం తిని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత కూడా కూతురితో పెద్దగా మాట్లాడలేదు. అలవాటు లేని గౌరవం కదా, సర్దుకుంటాడులే అనుకుంది జ్యోతిర్మయి.

వారం తిరక్కుండానే మేడమ్ ఇచ్చిన పుస్తకాలు తిరిగిచ్చేద్దామని బంగళాకి వెళ్ళింది. గేటు దగ్గరే మేడమ్ గొంతు వినపడింది.

"అమ్మన్నా! బూట్లు ఇక్కడ వదిలేశావేంటి?"

"అమ్మన్నా! టామీ మళ్ళీ కక్కింది చూడు, గుడ్డ పట్టుకురా. ఆ గుడ్డ కాదయ్యా! అమ్మన్నా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

వరండాలో తిరుమలరావు గారూ ఇద్దరు స్నేహితులూ పేకాడుతున్నారు. అందులో ఒకాయన, "ఇతనేనా అమ్మవారి మొక్కు? వీడియో మా ఆవిడ చూపించింది లెండి. ఇంకాస్త గట్టిగా పిలవండి, పూనకం వస్తుందేమో!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అమ్మన్న వాళ్ళ కాళ్ళ దగ్గర వంగి నేల తుడుస్తున్నాడు. అతను కూడా నవ్వినట్టు మొహం పెట్టాడు.

పుస్తకాలు గేటు పక్క దిమ్మ మీద పడేసి జ్యోతిర్మయి వెనక్కి తిరిగింది. రాము అన్నప్పుడు ఇంత నీచంగా వినపడలేదు. అప్పుడూ ఇవే బూట్లు, ఇదే కుక్క, ఇదే కసురు. మరి ఇప్పుడు మారిందేమిటి? దారి పొడుగునా ఆ పేకాట మనిషిని బండబూతులు తిట్టుకుంది. తిరుమలరావుని తిట్టుకుంది. ప్రసూన మేడమ్‌ని అయితే ఇంగ్లీషులో, తెలుగులో, ఛత్తీస్‌గఢీలో కూడా తిట్టుకుంది. తిట్టిన కొద్దీ ఎక్కడో తేడా కొడుతూనే ఉంది.

ఆ సాయంత్రం అమ్మన్న పని నుంచి వచ్చి, వాకిట్లో నులక మంచం మీద నడుం వాల్చాడు. కాస్త కునుకు పట్టింది. అప్పయమ్మ వంటింట్లోంచి ఎప్పటిలాగే కేకేసింది.

"అమ్మన్నా! బువ్వకి రారా!"

అమ్మన్న ఉలిక్కిపడి మంచం మీంచి లేచిపోయాడు. చొక్కా సర్దుకున్నాడు. చేతులు ముందు కట్టుకున్నాడు.

"జీ మేమ్‌సాబ్!"

అప్పయమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కొడుకు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకా పూర్తిగా మెలకువ రాలేదు. వచ్చాక తల్లిని చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, తర్వాత కూతురి వైపు తిరిగాడు. జ్యోతిర్మయి పుట్టి బుద్ధెరిగాక తండ్రి మొహం అలా చూడలేదు.

"ఇన్నావా? ఇన్నావేటే? మా యమ్మ పిలిస్తే నేనేటన్నానో ఇన్నావా?"

"నాన్నా..."

"నోర్ముయ్! నీకెవులు సెప్పేరే ఆయమ్మ నా పేరు లాగేసుకుందని? ఎవులు సెప్పేరు? మొదటి దినమే అడిగింది ఆయమ్మ, నీ పేరేటని. నేనే రాము అన్నాను. నేనే! నాకు ముందున్నోడి పేరు కామేసు. ఆడూ రాము అనే సెప్పినాడు. మీ తాత పోలయ్య ఆంగ్లో ఇండియన్ దొర బంగళాలో సేసినాడు. ఆయనా రామే. ఈ కాలనీలో మనోళ్ళు ఎవులు బంగళా డ్యూటీకి ఎల్లినా బంగళా పేరుతోనే ఎల్తారు. అమ్మ పెట్టిన పేరు ఇంటికాడ ఇడిసేసి ఎల్తారు. ఎందుకో తెల్సా నీకు? పెద్ద సదువు సదివినావు గదా, తెల్సా?"

జ్యోతిర్మయి తల అడ్డంగా ఊపింది.

"తిట్టు పడితే రాముకి పడతాది. కుక్క పెంట ఎత్తితే రాము ఎత్తుతాడు. సాయిబుకి కోపమొచ్చి నా కొడకా అంటే ఆ రామునే అంటాడు. నాకేటి? ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటే రాము పోయినాడు. మా యమ్మ అమ్మన్నా అంటే అప్పుడు నేను మనిసిని. ఆ బంగళా ముట్టుకోనిది నా కాడ అదొక్కటుండేది. ఆ తల్లి గద్దె కాడ ఏడిసి తెచ్చుకున్న పేరే అది! దాన్ని తీసుకెల్లి, ఇంగిలీషులో రాసి, దండేసి, ఆయమ్మ సేతిలో పెట్టేసినావు. ఇప్పుడు దినమంతా అదే పేరు. బూట్లకీ అదే పేరు, కుక్క కక్కుకీ అదే పేరు. అమ్మోరి పేరుతో ఆళ్ళ నేల తుడుస్తన్నానే నేను!"

"నాకు చెప్పుండొచ్చు కదా నాన్నా! అడిగాను కదా ఆ రోజు!" జ్యోతిర్మయికి కూడా ఏడుపూ కోపమూ కలిసి వచ్చేశాయి.

"అడిగినావా? ఎందుకు సెప్పనేదని దెబ్బలాడినావు. సిగ్గేయదా అన్నావు. కుక్కపిల్లన్నావు. అడగడమంటే అదేటి? నీ పుస్తకంలో ఏటి రాసుందో అదే నాకూ అయిందనుకున్నావు."

అప్పయమ్మ గరిటె గట్టు మీద పెట్టి, కొడుకు దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఎవరినీ తిట్టలేదు. "మరిప్పుడు నిన్ను నేనేటని పిలవాల్రా?" అంది.

అమ్మన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

జ్యోతిర్మయి ఆ పూట ఎవరి మీద కోప్పడాలో తెలియక తన మీదే పడింది. ఇంగ్లండు జేమ్సులు గుర్తొచ్చారు. వాళ్ళలో పేరు పోగొట్టుకున్నవాళ్ళెందరు, కావాలని దాచుకున్నవాళ్ళెందరు? పల్లెలో తల్లి పెట్టిన పేరు పల్లెలోనే భద్రంగా పెట్టి, జేమ్స్ అని చెప్పి పనిలోకి వెళ్ళినవాడు ఒక్కడైనా ఉండడా? ఉంటే మాత్రం ఆ సంగతి ఎవరు రాస్తారు? రాసినవాళ్ళంతా టీ తాగుతూ హాల్లో కూర్చున్నవాళ్ళాయె. ఇంత చదివీ తనూ ఆ హాల్లోనే కుర్చీ వేసుకుని కూర్చుని తండ్రిని చూసింది. థూ, ఇదా చదువు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే బంగళాకి వెళ్ళింది. మేడమ్ వరండాలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. చూడగానే మొహం వికసించింది. "రా జ్యోతీ! నీకే ఫోన్ చేద్దామనుకుంటున్నా. భోపాల్‌లో కాన్ఫరెన్స్ ఉంది, అమ్మన్న మీద పేపర్ ఇస్తున్నాను. నీ పేరు కూడా వేస్తాను."

"మేడమ్, మా నాన్నని మళ్ళీ రాము అనే పిలవండి."

మేడమ్ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. "ఏంటమ్మా?"

"రాము అనే పిలవండి. ఆ పేపర్ ఇవ్వొద్దు. మా నాన్న పేరు మీ నోట్లోంచి రాకూడదు."

"నీకేమైనా పిచ్చెక్కిందా? నువ్వే కదా రాసింది?"

"నేనే. బుద్ధి గడ్డి తిని రాశాను. రాము అని మీకు చెప్పింది ఆయనే. తల్లి పెట్టిన పేరు మీ దాకా రాకూడదనే చెప్పాడు. నేనది తెలుసుకోకుండా మీ చేతిలో పెట్టాను."

"అసలు పేరుతో పిలవడం గౌరవం అని నేను..."

"గౌరవమా? సార్‌ని మీరు పేరు పెట్టి పిలుస్తారా మేడమ్? ఏమండీ అంటారు. మీ మామగారిని పిలుస్తారా? మా నాన్న మీకంటే పెద్దవాడు. వీధిలోకి వినపడేలా అమ్మన్నా, కుక్క కక్కింది అని అరిస్తే అది గౌరవం ఎట్లా అవుతుంది?"

ప్రసూన మేడమ్ మొహం ఎర్రబడింది. లేచి నిలబడింది. "మాటలు జాగ్రత్త! నీకేం తక్కువ చేశాను నేను? పుస్తకాలిచ్చాను, చదివించాను. ఒక ప్యూను ముందు, అంతమందిలో తల దించుకుని తప్పు ఒప్పుకున్నాను. ఎవరు చేస్తారమ్మా అలా?"

"తల దించుకున్నది మీరు కాదు మేడమ్. ట్రే పట్టుకుని మా నాన్న దించుకున్నాడు. మీకు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, నా చేతులు విరిగిపోను!"

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?" మేడమ్ గొంతు పెరిగింది. "తెలిసిన పేరు తెలియకుండా ఎలా పోతుంది? ఎలా మర్చిపోవాలి?"

ఆ ప్రశ్నే కదా జ్యోతిర్మయికి రాత్రంతా నిద్ర పట్టనివ్వనిది. మామ్మ మొక్కుకున్న పేరు ఫోన్ల నిండా తిరుగుతోంది, ఆ పేకాట మనిషి నోట్లో తిరుగుతోంది.

"అది నాకు తెలీదు మేడమ్. మర్చిపోలేకపోతే గుర్తుపెట్టుకోండి. నోరు మాత్రం మూసుకుని గుర్తుపెట్టుకోండి."

ఒక స్టూడెంటు తనతో అంత మాట అనడం ప్రసూన మేడమ్ జన్మలో ఎరగదు. గేటు వైపు చూపించింది. ఈ పిల్లని బయటికి పంపించెయ్యడానికి మనిషి కావాలి. లోపలికి తిరిగి నోరు తెరిచింది.

"అమ్..."

ఆగిపోయింది. జ్యోతిర్మయి కళ్ళార్పకుండా ఆవిడ నోటి వైపే చూస్తోంది.

"రా..."

అదీ రాలేదు. ఆవిడ రెండు మూడు సార్లు పెదవులు కదిపి, చివరికి నాటకంలో రాజుగారిలా, "ఎవరోయ్ అక్కడ?" అని అరిచింది.

అమ్మన్న వరండా పక్కనే కుళాయి దగ్గర కారు కడుగుతున్నాడు. మొదటి మాట నుంచీ అన్నీ విన్నాడు. ఆ అరుపూ విన్నాడు.

"ఎవరోయ్ అక్కడ, వినపడటం లేదా?"

అమ్మన్న బకెట్లో గుడ్డ ముంచి, పిండి, కారు తలుపు తుడుస్తూనే ఉన్నాడు. అటు తిరగలేదు, పలకలేదు.